ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల జ్ఞానబిడ్డలు

ప్రపంచం ఇకనుంచి శాన్ ఒనోఫ్రెలో ఆలోచిస్తుందని మా మేయర్ ఆరాంబిదె గారు సెప్టెంబరు మూడో ఆదివారం, చర్చిలో పూజ ముగిసిన వెంటనే, ఊరి నడిబొడ్డున బ్యాండు మండపం ఎక్కి ప్రకటించారు.

“పారిస్‌లో ఒక పిల్ల లెక్క అడుగుతుంది. జవాబు ఎక్కడ పుడుతుంది? ఇక్కడ. టోక్యోలో ఒక డాక్టరు సందేహం అడుగుతాడు. జవాబు ఎక్కడ పుడుతుంది? ఇక్కడ.”

“నీళ్లెప్పుడొస్తాయని మేమడిగితే?” అన్నాడు వేరుశెనగలమ్మే ముసలాయన.

“అదీ ఇక్కడే పుడుతుంది,” అన్నారు మేయర్ గారు. అందరం చప్పట్లు కొట్టాం. ఏ ప్రశ్నకైనా తడుముకోని మనిషి ఆయన.

నేను ఆయన డ్రైవర్ని. పదకొండేళ్లుగా ఆయన్ని వెనక సీటు కనపడే అద్దంలో చూస్తున్నాను కాబట్టి, ఎదురుగా చూసేవాళ్లకన్నా కొంచెం ఎక్కువే తెలుసనుకుంటాను. మనిషి ఒక అబద్ధం చెప్పాక దాన్ని తను నమ్మడానికి కొంత సమయం పడుతుంది. మామూలువాళ్లకి ఏళ్లు పడుతుంది, కొందరు నమ్మకుండానే పోతారు. మేయర్ గారికి మండపం నుంచి మున్సిపల్ ఆఫీసు దాకా చాలు. అది నడిస్తే నాలుగు నిమిషాల దూరం. మేం కార్లో వెళ్తాం.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు కూడా. కొండవాలున కంపెనీ వాళ్ల భవనం నిజంగానే లేచింది. కంపెనీ పేరు చెప్పడం లేదు, నేను నోరు తిరిగేలా నేర్చుకునేలోపే మూడుసార్లు మార్చారు. నాలుగు ఫుట్‌బాల్ మైదానాలంత పొడవు, తెల్లటి గోడలు, ఒక్క కిటికీ లేదు. లోపల ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల కంప్యూటర్ యంత్రాలు. అవి ఆలోచిస్తే వేడెక్కుతాయి, వేడెక్కితే నీళ్లు కావాలి. ప్రభుత్వం వాళ్లకి పైనున్న జలాశయంలో వాటా రాసిచ్చింది. ఆ జలాశయం రెండేళ్లుగా కాగితం మీద మాత్రమే నిండుగా ఉంది.

లాస్ పీలాస్ పేటలో చిన్న ఊట ఉన్నా, ఊళ్లో లెక్కకొచ్చేన్ని నీళ్లున్నది ఒక్క తెపోసాన్ పేట బావిలో. అది పేటవాళ్ల తాతలు తవ్వుకున్నది. దానికో కమిటీ, కమిటీకో పుస్తకం. పుస్తకం అంటే మూడు పేజీలు. బావి అమ్మరాదు, కౌలుకివ్వరాదు. నీళ్లు పేటలో ఉండేవాళ్లకీ, వాళ్ల పిల్లలకీ, జ్ఞానస్నానంలోనో దీవెనలోనో పక్కన నిలబడి తమ బిడ్డలుగా స్వీకరించిన జ్ఞానబిడ్డలకీ. తలకింత అని సమానంగా. ఇరవై రెండేళ్లుగా ఆ పుస్తకాన్ని కాపాడుతున్నది కమిటీ ప్రెసిడెంటు దోన్యా ఎల్పీదియా (దోన్యా, దోన్ అంటే మా దగ్గర అమ్మగారు, అయ్యగారు). మొక్కజొన్న పిండి మిల్లు ఆవిడది. నాకు జ్ఞానతల్లి కూడా.

మేయర్ గారు ఆ మూడు పేజీలూ కారు వెనక సీట్లో రెండుసార్లు చదివారు. ఆయన చదవగా నేను చూసిన పుస్తకం అదొక్కటే. రెండోసారి చదివి కళ్లు మూసుకున్నారు. ఆ ముఖంలో ఒక వెలుగు. మునుల ముఖాల్లో ఉంటుందంటారే, ఆ రకం.

“నాబోర్, మిల్లుకి పోనీ.”

మిల్లు గడపలో ఆయన టోపీ తీశారు. మా అమ్మ (జ్ఞానతల్లిని నేనలాగే పిలుస్తాను) సున్నంలో నానిన మొక్కజొన్నని మోచేతులదాకా ముంచి కడుగుతోంది.

“దోన్యా ఎల్పీదియా, మీ చేతులు పదికాలాలు చల్లగా ఉండాలి.”

“చల్లగా ఎక్కడుంటాయి బాబూ, సున్నంలో ఉన్నాయి. ఏం కావాలి?”

“ఒక బిడ్డ పుట్టింది.”

“మళ్లీనా? ఈసారి ఎవరితో?”

నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

“నా బిడ్డ కాదమ్మా. కొండవాలున పుట్టింది. తెల్లటి బిడ్డ. తల్లిదండ్రులు పరదేశులు. ఫాదర్ దీవించే రోజున పక్కన నిలబడే దిక్కు లేదు. జ్ఞానతల్లిగా మిమ్మల్ని అడగమని నా మనసు చెప్పింది.”

“ఆ కిటికీల్లేని కొట్టమా?”

“కొట్టమనకండి. మనసు చిన్నబుచ్చుకుంటుంది.”

మా దగ్గర ఇల్లు కట్టినా, టాక్సీ కొన్నా, అంగడి తెరిచినా దీవెన చేయిస్తాం, దానికో జ్ఞానతల్లిని పెట్టుకుంటాం. అడిగితే కాదనడం లేదు. కాదంటే ఆ బిడ్డకి కీడు, అన్నవాళ్లకి అంతకన్నా కీడు. అమ్మ చేతులు నీళ్లలోంచి తీసి మేయర్ గారిని చూసింది. ఆయన ఎందుకడుగుతున్నారో ఆవిడకి ఆ క్షణంలోనే తెలుసని నా నమ్మకం. తెలిసి కూడా ఒప్పుకునేవాళ్లుంటారు. పుస్తకాన్ని వాడుకునేవాడికి పుస్తకం ఒక తలుపు. నమ్మేవాళ్లకి అదే గోడ, ఎటు తిరిగినా దాని లోపలే తిరగాలి.

“ఇప్పటికి ఇరవై ముగ్గురు నాకు,” అంది. “ఈ నిలబడ్డవాడు పద్నాలుగోవాడు. ఎంత పెట్టినా ఇంతే ఎదిగాడు. సరే బాబూ, అడిగావు కాబట్టి కాదనను. కానీ పుస్తకంలో ఎలా ఉంటే అలాగే.”

“పుస్తకంలో ఎలా ఉంటే అలాగే,” అన్నారు మేయర్ గారు. ఆ మాటకి ఆయన కళ్లు చెమర్చాయి.

దీవెన అక్టోబరులో జరిగింది. జ్ఞానతల్లి తెల్లగౌను కుట్టి తేవాలి కదా, కొలతలు పంపమంటే కంపెనీ డైరెక్టరు హాల్వర్ అరవై రెండు పేజీల నక్షాలు పంపాడు. అమ్మ వాటిని పొయ్యిలో పెట్టి, మామూలు పసిబిడ్డ గౌనొకటి కుట్టి పెద్దతలుపు గొళ్లానికి తగిలించింది. పవిత్రజలం చల్లబోతుంటే హాల్వర్ పరుగెత్తుకొచ్చి, కరెంటుంది, కొంచెం దూరం నుంచి దీవించమన్నాడు. ఫాదర్ గేటు దగ్గర నిలబడి, “ఈ ఇంటినీ, ఇందులో వసించే వారందరినీ” అని గట్టిగా చదివారు. తారాజువ్వలు పేలాయి. టర్కీ కోడి మాంసం, నల్లటి మిరపపులుసు, అన్నం అందరికీ. హాల్వర్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. అమ్మ అతన్ని ‘కొంపాద్రె’ అని పిలిచింది. బిడ్డని కన్నవాళ్లూ జ్ఞానతల్లీ ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు, అది రక్తసంబంధంకన్నా గట్టిది. అతనికి అర్థం కాక ఆమె చేతికి విజిటింగ్ కార్డు ఇచ్చాడు.

సోమవారం పొద్దున్నే అమ్మ నోట్‌బుక్కు పట్టుకుని కొండవాలుకెళ్లింది. గేటు దగ్గర కాపలావాళ్లని అడిగింది.

“రాత్రిళ్లు ఇక్కడ పడుకునేది ఎంతమంది?”

“మేమిద్దరమేనండి.”

“అయితే రెండు తలలు. తలకి రోజుకి నాలుగు బిందెలు.”

అరంగుళం గొట్టం వేయించింది. మంగళ, శుక్రవారాల్లో గంటసేపు. హాల్వర్ ఆ గొట్టాన్ని చాలాసేపు చూశాడు. ఏనుగు దాహానికి ఉగ్గుగిన్నె పట్టినట్టుంది.

ఇంకొకరైతే ఓడిపోయామనుకునేవారు. మేయర్ గారు కారెక్కి రెండు స్పీడుబ్రేకర్లు దాటేదాకా టోపీ సర్దుకున్నారు. తర్వాత అద్దంలో నా కళ్లలోకి చూశారు.

“నాబోర్, ఆలోచించేదానికి తల ఉంటుందా, ఉండదా?”

“నేను చూసినంతలో అవసరం లేదండి.”

“ఉంటుంది,” అన్నారాయన మెల్లగా. “ఫాదర్ ఏం చదివారు? ఇందులో వసించే వారందరినీ.”

మర్నాడే జనన రిజిస్ట్రారు దోన్ కూకోని పిలిపించారు. దోన్ కూకో ముప్పై ఏళ్లుగా జననాలూ మరణాలూ చక్కటి చేతిరాతతో నమోదు చేస్తున్న మనిషి. ఖాళీ గడి కనపడితే ఆయనకి నిద్ర పట్టదు. ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల మందినీ తెపోసాన్ పేట నివాసులుగా, దీవెన రోజే పుట్టినట్టుగా రాయాలి. పేర్లు కావాలి. పునీతుల క్యాలెండరు నవంబరుకల్లా అయిపోయింది. తర్వాత పూల పేర్లు, ఫుట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు పెట్టారు. చివరి నాలుగు వేల మందికి బస్సు స్టాపుల పేర్లు. రాసి రాసి ఆయన చూపుడువేలు వంగిపోయింది, దానికి మున్సిపాలిటీ తరపున శాలువా కప్పారు.

పేట సభలో అమ్మ ఆ చిట్టా అందరికీ చదివింది. చదవడానికే మూడు రోజులు పట్టింది.

“యంత్రాలకి తలలేంటమ్మా?” అన్నాడు కమ్మరి హసింతో.

“పుస్తకంలో తల అనే ఉంది. లోపల ఏముండాలో రాయలేదు. రాసుంటే మనలోనూ కొందరికి నీళ్లు ఆగేవి.”

“కాదనెయ్. నువ్వే కదా ప్రెసిడెంటువి.”

“ఇవాళ వాళ్లని కాదంటే రేపు ఇంకొకడొచ్చి నిన్ను కాదంటాడు. నీ పేరు కూడా కాగితం మీదే ఉంది హసింతో.”

అరంగుళం గొట్టం తీసి ఆరంగుళాల గొట్టం వేశారు. మోటారు రాత్రీపగలూ తిరిగింది. పేటలో మనుషులు ఆరువందల పన్నెండు మంది. వందలో తొంభై ఎనిమిది బిందెలు కొండవాలుకెళ్తే, మిగిలిన రెండూ ఆరువందల పన్నెండు మందీ పంచుకోవాలి. లెక్కలో ఒక్క తప్పు లేదు. రోజుకి మనిషికి మూడు చెంబులు వచ్చేవి. తాగితే వండకూడదు, వండితే కడగకూడదు.

మొక్కజొన్న నానడానికోసారి, కడగడానికి రెండుసార్లు నీళ్లు కావాలి. జనవరిలో అమ్మ మిల్లు వారానికి ఒక్కరోజు తెరిచేది. ఆడవాళ్లు మొక్కజొన్న గంప నెత్తినపెట్టుకుని బస్సెక్కి పక్కూరెళ్లి పిండి పట్టించుకునేవాళ్లు. ఓ రోజు నేను వెళ్తే వేడి రొట్టె పెట్టింది. నీళ్లడగబోయి ఆగాను. ఆగానని ఆవిడకి తెలిసింది. ఇద్దరం రొట్టెనే చూస్తూ కూర్చున్నాం. సిగ్గు అనేది తప్పు చేసినవాడికే కలగాలని నియమం లేదు, దగ్గర్లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లని పట్టుకుంటుంది.

“మీ మేయరు ఎలా ఉన్నాడు?” అంది చివరికి.

“బాగున్నారు. మొన్న రాజధానిలో ఉపన్యాసం ఇచ్చారు.”

ఆ ఉపన్యాసం నేనూ విన్నాను. తన హయాంలో తెపోసాన్ పేట జనాభా అరవై నాలుగు రెట్లు పెరిగిందనీ, ముప్పై ఎనిమిది వేల కాన్పుల్లో ఒక్క తల్లి కూడా చనిపోలేదనీ ఆయన చెప్పారు. ఆరోగ్యశాఖ వాళ్లు లేచి నిలబడ్డారు.

ఈస్టరు ముందు శనివారం మా దగ్గర పిల్లలు వీధుల్లో ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటారు. ఈ ఏడు దుమ్ము చల్లుకున్నారు. పదకొండింటికి బావి మోటారు దగ్గింది. అడుగున బురద, ఆ తర్వాత గాలి. నాలుగింటికల్లా కొండవాలు భవనంలోంచి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. దాన్ని ‘ఉష్ణ సంఘటన’ అంటారని హాల్వర్ పత్రికలవాళ్లకి చెప్పాడు. మూడు రోజుల తర్వాత నలభై ట్రక్కులొచ్చాయి. మాడిన యంత్రాలన్నీ ఎక్కించుకుని, పాత ఇనుము కింద అమ్మడానికి ఉత్తరాన సరిహద్దు దాటించాయి. కొత్తవి దారిలో ఉన్నాయన్నాడు హాల్వర్.

తర్వాతి సోమవారం మేయర్ గారికోసం ఆఫీసు వరండాలో ఎదురుచూస్తుంటే అమ్మ వచ్చింది. నల్ల బట్టలు, నల్ల శాలువా. తిన్నగా దోన్ కూకో కిటికీ దగ్గరకెళ్లింది. నేను వెనకే వెళ్లాను.

“మరణం రాయించాలి కూకో.”

“అయ్యో దోన్యా ఎల్పీదియా. ఎవరు పోయారు?”

“నా జ్ఞానబిడ్డలు.”

“ఎంతమంది?”

“నీకే తెలుసుగా. నువ్వేగా రాశావు.”

దోన్ కూకో వంగిన వేలుకేసి చూసుకున్నాడు. అయినా రిజిస్టరు తెరిచాడు. అలవాటు అంత గట్టిది.

“వయసు?”

“ఆరు నెలలు.”

“కారణం?”

“దాహం.”

ఆయన ఆ మాట రాసి, సిరా ఆరాక లోపలికి పరుగెత్తాడు. మేయర్ గారు బయటికొచ్చారు. ఎన్నికలు ఐదు వారాల్లో ఉన్నాయి. మొదటిసారిగా ఆయన ముఖం అద్దంలో కాక నేరుగా చూశాను. అద్దంలోకన్నా చిన్నగా ఉంది.

“దోన్యా ఎల్పీదియా, వాళ్లు... అవి... చనిపోలేదు. పాడయ్యాయి.”

“పాడవడానికి వాళ్లేమన్నా యంత్రాలా బాబూ? మీరే కదా మనుషులని రాయించారు.”

మనుషులు కారంటే ఆర్నెల్లుగా నీళ్లు ఎవరు తాగినట్టు? మనుషులే అంటే ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల పసిబిడ్డలు ఆయన పాలనలో ఒక్క మధ్యాహ్నం దాహంతో పోయారు. వరండాలో జనం చేరుతున్నారు. వాళ్లలో ఒకావిడ అప్పటికే ఏడుస్తోంది. మా ఊళ్లో నల్ల శాలువా కనపడితే చాలు, ఎవరని తర్వాత అడుగుతారు.

“వృద్ధాప్యం అని రాయొచ్చా కూకో?” అన్నారు మేయర్ గారు లోగొంతుతో.

“ఆరు నెలలకండీ?”

ఆయన కళ్లు మూసుకున్నారు. నేను వేళ్లమీద లెక్కపెట్టాను, ఎనిమిది దాకా. తెరిచేటప్పటికి ఆ వెలుగు వచ్చేసింది.

“ట్రక్కులు ఎటు వెళ్లాయి నాబోర్?”

“ఉత్తరానికండి.”

“సరిహద్దు దాటాయా?”

“దాటాయండి.”

“కూకో, మరణం కొట్టెయ్. వలస అని రాయి. పొట్టకూటికి ఉత్తరం వెళ్లారు. ఈ ఊళ్లో ఏ ఇంట్లోంచి వెళ్లలేదు?” ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. “ఆరు నెలల పసివాళ్లు. ఎంత కష్టమొస్తే గడప దాటుంటారు?”

ఏడుస్తున్నావిడ ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆవిడ కొడుకు వెళ్లి పద్నాలుగేళ్లు.

“అలాగే కానీండి,” అంది అమ్మ. “మరి వలస వెళ్లినవాడు తిరిగొచ్చేదాకా వాడి నీళ్ల వాటా ఇంట్లో ఉన్నవాళ్లది. పేటలో మొదట్నుంచీ అంతే. కన్నవాళ్లంటారా, ఆ కంపెనీకి పేరే నిలకడ లేదు. ఇక ఇంట్లో ఉన్నది జ్ఞానతల్లిని నేనే. పోయారన్నా సరే, వెళ్లారన్నా సరే బాబూ. తాగరు కదా.”

మేయర్ గారు వలస కాగితం మీద సంతకం పెట్టారు. సంతకం పెడుతూ జనం వైపు చూసి చెయ్యూపారు. అమ్మ ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి, తిన్నగా కొండవాలు దారిలో ఉన్న వాల్వు దగ్గరికి నడిచింది. ఆరంగుళాల చక్రం తిప్పడానికి ఆవిడ బలం చాల్లేదు. హసింతో ఒక చెయ్యి వేశాడు. నేను దూరంగా, కారు పక్కన నిలబడ్డాను. డ్యూటీలో ఉన్నాను.

బావి ఊరడానికి పన్నెండు రోజులు పట్టింది. పదమూడో రోజు మిల్లు తిరిగింది.

మే మొదటి ఆదివారం ‘దూరానున్న బిడ్డల దినం’ జరిపారు. మండపం పక్కన నల్లరాతి ఫలకం, దాని మీద ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల అంకె. మేయర్ గారు ముసుగు తీసి, కన్నీళ్లు తుడుచుకుని, ఎక్కడున్నా వాళ్లు ఈ గడ్డని మరిచిపోరన్నారు. ముందు వరసలో నిజంగా బిడ్డలు వెళ్లిపోయిన ఆడవాళ్లు కూర్చున్నారు. ఒకావిడ లేచి ఫలకం దగ్గరికెళ్లి, వేలితో అంకె కింద తడిమింది, ఇంకేమైనా రాసుందేమోనని. ఏమీ లేదు. వచ్చి కూర్చుంది.

అప్పుడు హాల్వర్ మండపం ఎక్కి మేయర్ గారి చెవిలో ఏదో చెప్పాడు. మైకు ఆపలేదు కాబట్టి ఊరంతా విన్నాం.

“కొత్తవి గురువారం దిగుతాయి. యాభై రెండు వేలు. వీటికీ ఒక తల్లి కావాలి.”

మేయర్ గారు తలెత్తి జనం వైపు ప్రేమగా చూశారు. ఆయన చూపు ముందు వరస ఎడమ చివర మొదలై మెల్లగా కదిలింది.

మా దగ్గర అడిగితే కాదనడం లేదని చెప్పాను కదా. అడగకముందే వెళ్లిపోవచ్చు, అది మర్యాదే. ముందు వరస లేచింది. రెండో వరసకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. వేరుశెనగలాయన బండి తోసుకుపోయాడు. బ్యాండువాళ్లు పాట మధ్యలో బాకాలు సంచీల్లో పెట్టుకున్నారు. ఫాదర్‌కి చావుబతుకుల్లో ఉన్న ఎవరికో అవస్థ అభ్యంగం ఇవ్వాల్సి వచ్చింది. దోన్ కూకో చెయ్యి శాలువాలో దాచుకుని గోడ పక్కనుంచి నడిచాడు. మూడు నిమిషాల్లో చౌరస్తాలో ప్లాస్టిక్ కుర్చీలు మిగిలాయి.

నేను కారు తలుపు తెరిచి పట్టుకున్నాను. మేయర్ గారు ఎక్కారు. మున్సిపల్ ఆఫీసు వైపు తిప్పాను. ఇంకా మలుపు రాకముందే అద్దంలో ఆయన కళ్లు నా కళ్లని వెతుక్కున్నాయి. అంత ఆప్యాయంగా ఎవరూ నన్ను చూడగా నేనెరగను.

“నాబోర్,” అన్నారు, “నువ్వు ఉండేది ఏ పేటలో?”

పదకొండేళ్లలో ఆయన నన్నీ మాట అడగడం ఇదే మొదటిసారి. సీట్లో కొంచెం నిటారుగా కూర్చున్నాను. లాస్ పీలాస్ పేటలో అండీ, అన్నాను, ఊట పక్క ఇల్లే.